నాలుగు కుర్చీలు

"ఇంకోసారి పిలువు పాపా," అంది శిక్షకురాలు.

పాప పిలిచింది. గవ్వ చెవులు నిక్కబొడుచుకుని పాప వంక చూసింది, తోక కూడా ఆడించింది. ఆ మర్యాద అయ్యాక మళ్ళీ వచ్చి శిక్షకురాలి చక్రాల కుర్చీ పక్కనే చతికిలపడింది. పొద్దుటి నుంచి ఇది ఏడోసారి.

పాపకు ఎనిమిదేళ్ళు. నడవలేదు, వేళ్ళు కూడా సరిగ్గా మాట వినవు. కిందపడ్డవి అందించడానికి, తలుపులు తీయడానికి, అన్నిటికీ మించి తోడుగా ఉండటానికి గవ్వను ఈ కుక్కల బడిలో ఏడాదిగా తయారు చేశారు. ఇవాళ అప్పగింత. సాయంత్రంలోపు గవ్వ తనంతట తాను పాప వెంట గేటు దాటాలి. దాటకపోతే దాన్ని మరో బిడ్డకు ఇచ్చేస్తారు, పాప పేరు మళ్ళీ జాబితా అడుగుకి పోతుంది. పోయినసారి ఆ పేరు పైకి రావడానికి మూడేళ్ళు పట్టింది.

బడికి ఒక పద్ధతి ఉంది. కుర్చీలో ఉండే పిల్లల కోసం కుక్కకు నేర్పాలంటే నేర్పేవాళ్ళూ కుర్చీలోనే కూర్చోవాలి. అందుకోసం బడి నాలుగు చక్రాల కుర్చీలు కొంది. అప్పగింత రోజున నేర్పినవాళ్ళు కుక్క కళ్ళముందే కుర్చీలోంచి లేచి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోతారు. ఇక్కడ తన పని అయిపోయిందని దానికి అర్థమవుతుంది. సాయంత్రం వాచ్‌మన్ తాత నాలుగు కుర్చీలూ గదిలో పెట్టి, లెక్క చూసుకుని తాళం వేస్తాడు. చక్రాలున్న వస్తువు కదా, ఎటైనా పోతుందని ఆయన అనుమానం.

పాప తల్లి బట్టల కొట్టులో పనిచేస్తుంది. నాలుగు వారాలుగా ప్రతి శనివారం సెలవు పెట్టి వస్తోంది. మొదటి వారం ఆ కుర్చీలను చూసి పాపం హడలిపోయింది. అంతలో పక్క కుర్చీలో కూర్చుని నేర్పుతున్న పొడుగాయన టీ కోసం లేచి చకచకా నడిచి వెళ్తుంటే గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

"పెద్దవాళ్ళెవరైనా ఇలా కుర్చీలో కనిపిస్తే ముఖం తిప్పేసుకుంటానండీ. రేపు మా పాప కూడా ఇంతేనేమోనని భయం," అంది శిక్షకురాలితో.

టీ కప్పుతో తిరిగొస్తున్న పొడుగాయన ఆ మాట విని ఏదో చెప్పబోయాడు. శిక్షకురాలు ఒక్క చూపు చూసింది. ఆయన టీ తాగడంలో పడ్డాడు. ఆమె మాత్రం గవ్వకు ఏ పూట ఎంత తిండి పెట్టాలో తల్లికి ఓపిగ్గా వివరించింది.

ఇవాళ తల్లికి ఓపిక అయిపోయింది.

"మీరు లేస్తే అదే వస్తుందండీ. అందరూ అలాగే లేస్తారటగా?"

"నేను ఇంకోలా చేస్తాను. కాస్త ఆగండి."

"మీకు దాన్ని ఇవ్వాలని లేదు. అదీ సంగతి."

అందులో సగం నిజమే. ఏడాదిగా గవ్వ రాత్రిళ్ళు శిక్షకురాలి గదిలోనే పడుకునేది. ఇంటి తలుపు అదే తీసేది, చేయిజారిన చెంచా అదే అందించేది. ఆ గదిలో ఆమె మాట వినే ప్రాణి ఇంకొకటి లేదు. రేపటి నుంచి ఎవరితో మాట్లాడాలో ఆమెకు తెలియదు.

"మీకేమండీ," అంది తల్లి. "పొద్దు వాలితే లేచి హాయిగా ఇంటికి నడిచిపోతారు. నా బిడ్డ లేవగలదా?"

గుమ్మం దగ్గర పొడుగాయన మళ్ళీ నోరు తెరిచాడు. శిక్షకురాలు తల అడ్డంగా ఊపింది.

తర్వాత తన తోలు గ్లౌజులు విప్పింది. చక్రాలు తిప్పి తిప్పి వాటి అరచేతులు నున్నగా అరిగిపోయాయి. పాప బిగుసుకున్న వేళ్ళను ఒక్కొక్కటే సాగదీసి వాటిని తొడిగింది.

"దాన్ని బతిమాలకు పాపా, పని చెప్పు. తనతో నీకు పనుందని తెలిస్తే అదే వస్తుంది."

ఆ మాట చెప్పి కుర్చీని గోడవైపు తిప్పుకుంది. గవ్వ చుట్టూ తిరిగి వచ్చి ఆమె మోచేతి కింద మూతి దూర్చింది. రోజూ అయితే తల నిమిరేది. ఇవాళ రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని, గోడమీది చెమ్మ మరకనే చూస్తూ కూర్చుంది. గవ్వ మూలిగింది. ఆమెకు ఏడుపొచ్చింది గానీ, కుక్కకు వినపడుతుందని మింగేసింది.

వెనక పెన్సిలేదో కిందపడింది.

"గవ్వా, అందివ్వు."

మోచేతి దగ్గరి వెచ్చదనం కాసేపు అలాగే ఉంది. తర్వాత పోయింది. నేలమీద గోళ్ళ టకటక, పాప నవ్వు, చక్రాల చప్పుడు ఒకదాని వెంట ఒకటి గుమ్మం దాకా వెళ్ళాయి.

"కోపంలో ఏదో అనేశానండీ," అంది తల్లి గుమ్మంలో ఆగి.

"స్నానం నెలకోసారి చాలు. చెవుల్లోకి నీళ్ళు పోనివ్వకండి," అంది శిక్షకురాలు గోడవైపు చూస్తూనే.

"అక్కా, నీ గ్లౌజులు!" బయట నుంచి పాప కేక.

"ఉంచుకో. నాకింకో జత ఉంది."

గేటు మూసిన చప్పుడయింది. పొడుగాయన తన సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఎండ గోడమీంచి దిగి పోయే దాకా ఆమె అక్కడే ఉంది.

వాచ్‌మన్ తాత కుర్చీలు ఒక్కొక్కటే గదిలోకి నెట్టి, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. నాలుగూ ఉన్నాయి. తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని, "ఇక బయల్దేరమ్మా, పొద్దుపోతోంది," అన్నాడు.

ఐదో కుర్చీ చక్రాలను వట్టి చేతులతో తిప్పుకుంటూ ఆమె ఇంటికి బయల్దేరింది.