ఒకటో నంబరు వక్త

ముఖ్య అతిథులకు జ్వరం సరిగ్గా సభకు గంట ముందే ఎందుకొస్తుందో ఏ డాక్టరూ ఇంతవరకు చెప్పలేదు.

ఐటీ మహిళల సంఘం కార్యదర్శికి ఈ ఏడాది ఇది నాలుగో జ్వరం.

"అక్కా, మేడంగారికి నూట రెండట. మెసేజ్ పెట్టారు," అంది సహాయ కార్యదర్శి.

"పోయిన నెలావిడకీ నూట రెండే. అందరూ ఒకే థర్మామీటరు తిప్పుకుంటున్నట్టున్నారు."

కార్యదర్శి నోట్‌బుక్ తెరిచింది. అందులో పిలవాల్సిన వక్తల పేర్లు నంబర్ల వారీగా ఉంటాయి. ఒకటో నంబరు మాత్రం తొమ్మిదేళ్లుగా ఖాళీ. ఆ చోటు ఒకావిడ కోసం. ఆవిడని పిలవాలని కార్యదర్శికి మహా ఆశ, కానీ పేరు తెలియదు.

"ఆవిడొక్కతి దొరికిందా, ఈ పదవికి ఆ రోజే రాజీనామా" అంటూ ఉంటుంది. ఆ రాజీనామా మాట మిగతా సభ్యులకు తెగ నచ్చి, వాళ్లూ శాయశక్తులా వెతికారు.

ఇంతలో గుమ్మంలో ఒక పెద్దావిడ. చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచి, ముక్కు మీదికి జారిన కళ్లజోడు.

"కంప్యూటరు పనిచేసే ఆడవాళ్ల మీటింగు ఇక్కడేనా అమ్మా? కింద బోర్డు చూసి వచ్చాను."

"ఇక్కడేనండీ. రిజిస్టర్లో రాయండి. పేరు, కంపెనీ, హోదా."

"కంపెనీ ఇప్పుడేం లేదమ్మా. ప్రోగ్రాములు రాసేదాన్ని. మానేసి ముప్పై ఏళ్లు దాటింది."

"కంపెనీ లేకపోతే ఈ గడి నిండదండీ."

"నిండకపోతే ఏమవుతుంది?"

ఏమవుతుందో కార్యదర్శికీ తెలియదు. ఆ గడి గీసింది మాత్రం తనే.

"పర్లేదు ఆంటీ, వెనక వరసలో కూర్చోండి."

పెద్దావిడ పెన్నుకి మూత పెట్టి తిరిగిచ్చేసింది.

"మాట్లాడేవాళ్లు రాలేదంటున్నారు కదా. కావాలంటే నేనో పది నిముషాలు..."

"వచ్చే నెల చూద్దాం ఆంటీ," అంది కార్యదర్శి, పాలసీ అమ్మడానికొచ్చిన ఏజెంటుతో మాట్లాడే గొంతుతో.

సభ మొదలైంది. ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాను వేశారు. మైకు చచ్చిపోయింది.

ముప్పై మంది ఇంజినీర్లు మైకు చుట్టూ మూగారు. ఒకావిడ ఆపి మళ్లీ ఆన్ చేయమంది. ఇంకొకావిడ మీటింగే ఆపి మళ్లీ మొదలుపెట్టమంది.

పెద్దావిడ లేచి స్విచ్‌బోర్డు దగ్గరికెళ్లింది. ఒక్కో స్విచ్చీ వేసి, ఆపి, చెవి రిక్కించింది.

"మూడోది వేయకండమ్మా. అంతే. చిన్న కాగితం ముక్కా, కాస్త టేపూ ఉన్నాయా?"

సహాయ కార్యదర్శి ఇచ్చింది. పెద్దావిడ ఏదో రాసి, బోర్డుకి అంటించి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

వక్త లేదు కాబట్టి కార్యదర్శి తన కథే ఎత్తుకుంది. సభ్యులు ఫోన్లు తీశారు.

"మొదటి ఉద్యోగంలో నా చేతికొక పాత ప్రోగ్రాము ఇచ్చారు. ఆఫీసు మొత్తానికి ఆడపిల్లని నేనొక్కదాన్నే. అడిగితే నవ్వుతారని ఎవర్నీ అడిగేదాన్ని కాదు. బాత్రూంలో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేదాన్ని. ఒకరోజు ఆ ప్రోగ్రాం మధ్యలో, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కనబడింది. 'ఈ లైను తీయకు తల్లీ. నేను తీసి రెండు రోజులు ఏడ్చాను.' కింద సంతకం, 'నీకంటే ముందు ఏడ్చినదాన్ని.'"

ఫోన్లు ఒళ్లోకి దిగాయి.

"అలాంటి రాతల్ని కంప్యూటరు చదవదు. అవి మనుషుల కోసమే. నలభై ఒకటి దొరికాయి నాకు. 'ఇది పనిచేస్తుంది. ఎందుకో నాకూ తెలీదు, నువ్వూ అడక్కు.' 'ఇక్కడిదాకా వచ్చావా? లేచి మంచినీళ్లు తాగు.' నేను నిజంగానే లేచి తాగేదాన్ని. అన్నిటికీ కింద అదే సంతకం. నా తర్వాత ఈ కుర్చీలోకి వచ్చేది ఆడపిల్లే అని ఆ రోజుల్లోనే అనుకుంది, చూడండి!"

కార్యదర్శి మైకుని రెండో చేతిలోకి మార్చుకుంది.

"ఎవరని అడిగితే, ఎవరో పాతావిడ, బిడ్డ పుట్టాక మానేసిందన్నారు. పేరు ఒక్కరికీ గుర్తులేదు. ఆవిడ దొరికితే ఈ మైకు ఆవిడ చేతిలో పెట్టి, నేను కింద కూర్చుని వింటాను."

వెనక వరసలో పెద్దావిడ చెయ్యెత్తింది.

"ప్రశ్నలు చివర్లో ఆంటీ."

చెయ్యి దిగిపోయింది.

చివర్లో ఫొటోలొచ్చాయి గానీ, ప్రశ్నలు రాలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది పెద్దావిడ.

"ఆ లైను ఇప్పటికైనా తీసేశారా అమ్మా?"

"నేనున్నన్నాళ్లూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు ఆంటీ."

పెద్దావిడ పక్కున నవ్వింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"బస్సుకి టైమైంది, వస్తాను," అని గొడుగు విప్పుకుంటూ మెట్లు దిగింది.

కుర్చీలు సర్దుతుంటే ఉక్కపోసింది. సహాయ కార్యదర్శి ఫ్యాను వేయబోయి, చెయ్యి గాల్లోనే ఆపేసింది.

"అక్కా, ఆ కథ నువ్వు చెప్పకముందే కదూ ఆంటీ ఈ చీటీ అంటించింది?"

"అవును. ఏం?"

"ఒకసారి వచ్చి చదువు."

కార్యదర్శి చదివింది. నోట్‌బుక్ అక్కడే పడేసి మెట్ల మీద పరిగెత్తింది. స్టాపులో బస్సూ లేదు, గొడుగూ లేదు. రిజిస్టర్లో పేరూ లేదు.

సోమవారం ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ బోర్డు పీకేస్తాడట. 'మూడో స్విచ్చి వేయకు తల్లీ, మైకు పోతుంది. నీకంటే ముందు ఏడ్చినదాన్ని' అని రాసున్న ఆ చీటీ చిరక్కుండా తీసే ఉపాయమూ, పేరు తెలియని మనిషిని వచ్చే నెల సభకి పిలిచే ఉపాయమూ మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.