మరమ్మతు బోర్డు

లిఫ్టు తలుపుకి మళ్లీ ఆ అట్టముక్క వేలాడుతోంది. "మరమ్మతులో ఉంది."

తాళాల మేడమ్‌కి ఒళ్లు మండింది.

ఆవిడ అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు. నాలుగో అంతస్తులో రికార్డు గది తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. అందరికంటే అరగంట ముందొచ్చి గది తెరవాలి. మిగతావాళ్లు వచ్చేసరికి లిఫ్టు నిక్షేపంలా తిరుగుతూ ఉంటుంది. మెట్ల పాట్లన్నీ ఆవిడ ఒక్కదానికే.

"ఏమమ్మా, సరిగ్గా నేనొచ్చే వేళకే పాడవుతుందా నీ లిఫ్టు?"

లిఫ్టు నడిపే లిఫ్టమ్మ స్టూలు మీద కూర్చునే నవ్వింది. "యంత్రం కదమ్మా, దాని బుద్ధి దానిది."

"నాకు మెట్లు, నీకు స్టూలు. బాగుంది వరస!"

"మెల్లగా ఎక్కండి. కబుర్లు చెబుతూ ఎక్కితే అలుపు తెలీదు."

ఆ కబుర్లు ఇంకో గోల. మనిషి కింద స్టూలు మీదే ఉంటుంది, గొంతు మాత్రం మెట్ల వెంట తరుముకొస్తుంది.

"ఇవాళేం కూరమ్మా?"

"బంగాళాదుంప!" మొదటి అంతస్తు నుంచి అరిచింది మేడమ్.

"అమ్మాయి పరీక్షలెప్పుడు?"

"వచ్చే... నెల." ఇది రెండో అంతస్తు.

"మాట తెగుతోంది. కాస్త ఆగి ఎక్కండి."

పనీపాటా లేనివాళ్లకి పక్కింటి ఊసులే కావాలి అనుకుంది మేడమ్.

మూడు నెలల కింద ఈ బాధ లేదు. అప్పుడు వేరే బాధ ఉండేది. నెలసరి ఆగి ఏడాదైంది, యాభై ఒకటి నిండాయి. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి చెప్పింది.

"ఇప్పటికి గుండె బాగానే ఉంది. కానీ నెలసరి ఉన్నన్నాళ్లూ దానికి ఒంట్లోనే ఓ కాపలా ఉండేది. ఇప్పుడది తగ్గిపోయింది. బీపీ, కొవ్వు పెరుగుతున్నాయి. రోజూ అరగంట ఒళ్లు కదపండి."

మర్నాడు లిఫ్టులో చెల్లెలికి ఫోను చేసి కడుపులో ఉన్నదంతా కక్కేసింది మేడమ్.

"నడవాలట! పొద్దున లేస్తే పొయ్యి, సాయంత్రమైతే మళ్లీ పొయ్యి. నడకకి తీరికెక్కడిదే?"

లిఫ్టమ్మ వినీ విననట్టు బటన్ నొక్కింది.

ఆ వారం నుంచే లిఫ్టుకి ఈ రోగం పట్టుకుంది.

ఓ సోమవారం మేడమ్‌కి అస్సలు బాగాలేదు. రాత్రంతా ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, కంటిమీద కునుకు లేదు. మూడో అంతస్తు చేరేసరికి గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"ఇవాళేం కూరమ్మా?"

మేడమ్ పలకలేదు.

"అమ్మా? ఎక్కడున్నారు? పలకండమ్మా!"

పలికే ఓపికా లేదు, ఇష్టమూ లేదు.

కింద ఏదో ఖంగుమంది. నిమిషం తిరగకుండానే మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల లిఫ్టమ్మ. ఒక చెయ్యి బటన్ల మీద, ఒక చెయ్యి తన గుండెల మీద.

"ఎక్కండమ్మా, ముందు ఎక్కండి. నెప్పేమైనా ఉందా? చెయ్యి లాగుతోందా?"

మేడమ్ లిఫ్టు వంక చూసింది, తర్వాత మనిషి వంక.

"నెప్పి లేదు, పాడూ లేదు. ఇది పనిచేస్తోందా?"

లిఫ్టమ్మ తల దించుకుంది.

"అంటే ఇన్నాళ్లూ కూర్చున్నచోటి నుంచి కదల్లేక నన్ను ఆడించావన్నమాట! నీకెంత బద్ధకం!"

లిఫ్టమ్మ నాలుగో అంతస్తు బటన్ నొక్కింది.

కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగాక మేడమ్‌కి ఓపిక వచ్చింది. వచ్చిన ఓపికంతా పెట్టి పై అధికారికి లిఫ్టమ్మ మీద ఫిర్యాదు రాసింది. గురువారానికి స్టూలు ఖాళీ అయింది. ఎవరి బటన్ వాళ్లే నొక్కుకోవడం మొదలుపెట్టారు. మేడమ్ పీడ విరగడైందనుకుంది.

శనివారం డాక్టరమ్మ కొత్త పరీక్షల కాగితాలు రెండుసార్లు తిరగేసింది.

"బీపీ దిగింది. కొవ్వూ తగ్గింది. ఏం చేశారు?"

"ఏం చేస్తానండీ! మా లిఫ్టావిడ పుణ్యమా అని మూడు నెలలు మెట్లెక్కి చచ్చాను."

"ఆయాసపడుతూనా?"

"పడనిస్తేగా! కింద నుంచి ఒకటే వాగుడు. మాట తెగితే చాలు, ఆగమనేది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"మేం చెప్పే కొలతా అదేనండీ. మాట వస్తున్నంతసేపు ఎక్కొచ్చు, తెగితే ఆగాలి. ఆవిడెవరో గానీ మిమ్మల్ని కనిపెట్టుకుని ఉంది."

మేడమ్ చేతిలో రిపోర్టు ఉంది, సంతోషం మాత్రం లేదు. సిగ్గేసింది.

సోమవారం ఇంకో పావుగంట ముందే ఆఫీసుకి వచ్చి వాచ్‌మన్‌ని పట్టుకుంది.

"లిఫ్టమ్మ ఇల్లెక్కడ?"

"పక్క వీధిలో అద్దెకున్న గది ఖాళీ చేసేసిందండీ. ఎటు పోయిందో ఎవరికీ చెప్పలేదు."

"ఈ లిఫ్టు నిజంగా ఎప్పుడైనా పాడైందా?"

"నేనొచ్చి ఆరేళ్లండీ. ఒక్కరోజు కూడా ఆగలేదు."

స్టూలు ఇంకా అక్కడే ఉంది. దాని వెనక గోడవారగా ఆ అట్టముక్క పడి ఉంది. మేడమ్ వంగి తీసి, దుమ్ము తుడిచి, వెనక్కి తిప్పింది.

అది ఏ ఆసుపత్రిదో పాత ఫైలు అట్ట: పైన మేడమ్ ఏనాడూ అడగని లిఫ్టమ్మ పేరు, దాని పక్కన వయసు యాభై ఒకటి, కింద ఎర్ర సిరాతో "గుండెపోటు వచ్చింది, గుండె బాగా బలహీనం, మెట్లు ఎక్కరాదు."