స్తంభం లేని గ్రౌండు

“స్తంభం ఏదమ్మా?”

గాజుపెట్టెలోకి తొంగి చూసి రిటైర్డు పోస్టుమాస్టరు అరిచిన అరుపుకి షాపులో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగారు. పెట్టెలో పాత ఫుట్‌బాల్ గ్రౌండు బొమ్మ ముద్దొస్తోంది. పచ్చటి మైదానం, చుట్టూ చెక్క మెట్లు, పైన ఎర్ర రేకుల కప్పు. అసలు గ్రౌండుని కూలగొట్టి, దాని పక్కనే కొత్తది కట్టి, ఆ కొత్తదాని గేటు దగ్గర షాపు పెట్టి పాతదాని బొమ్మలు అమ్ముకుంటోంది క్లబ్బు. చంపినవాళ్ళే అందరికంటే ముందు ఏడవడమంటే ఇదే.

“ఏ స్తంభం తాతగారూ?” అంది బొమ్మలు చేసే అమ్మాయి, వేళ్ళకంటిన జిగురు గీక్కుంటూ.

“తూర్పు స్టాండులో, సరిగ్గా మధ్యలో ఉండేది. అది లేకపోతే ఇంత కప్పు ఎవరి నెత్తిన నిలబడిందనుకున్నావ్?”

అమ్మాయి నోరు తెరిచే లోపే లోపలి గదిలోంచి క్లబ్బు సెక్రటరీ వచ్చాడు.

“స్తంభాలు నేనే వద్దన్నాను పెద్దాయనా. స్తంభం అడ్డముంటే ఆట కనపడదని జనం కొనరు.”

“బొమ్మలో ఆటెక్కడుందయ్యా?”

“ఉన్నా లేకపోయినా అడ్డం అడ్డమే. మరుగుదొడ్లు కూడా తీయించేశాను. చరిత్రంటే చూడముచ్చటగా ఉండాలండీ.”

పోస్టుమాస్టరు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఇందాకటి అరుపంతా ఎటు పోయిందో, మెల్లగా అన్నాడు.

“ఇవాళ మా పెళ్ళిరోజు బాబూ. నలభై ఏళ్ళు. మా ఆవిణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాను. ఈ స్తంభం చూపించలేకపోతే ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

“స్తంభానికీ మీ పెళ్ళికీ ఏం సంబంధమండీ?” అన్నాడు సెక్రటరీ.

“సంబంధం కుదిర్చిందే అది! దానికి ఇటు నా సీటు, అటు ఆవిడ సీటు. నాకు కుడివైపు గోలు కనపడదు, ఆవిడకి ఎడమవైపుది కనపడదు. ఓ రోజు కుడివైపు గోలు పడింది. జనం లేచి గంతులేస్తున్నారు. ‘ఎవరు కొట్టారండీ?’ అని అరిచాను. స్తంభం అవతల నుంచి ఓ ఆడగొంతు చెప్పింది. అదే మొదలు. ఇటు ఆట నేను చెప్పడం, అటు ఆట ఆవిడ చెప్పడం. ఆట అయ్యాక నేను ఇటు గేటు, ఆవిడ అటు గేటు. సీజను ఆఖరి రోజున స్తంభం ఇవతల నుంచే పెళ్ళి మాట అడిగాను. అవతల నుంచే సరే అంది. మాటిస్తే తప్పే మనిషి కాదు. ఇప్పటికీ ఇంట్లో ఏ గొడవొచ్చినా ముందు ఆ స్తంభాన్నే తలుచుకుంటుంది.”

షాపులో ఎవరో ముక్కు చీదారు. అమ్మాయి జిగురు చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. సెక్రటరీ కళ్ళు కూడా మెరిశాయిగానీ, ఆ మెరుపు వేరు.

“ప్రేమస్తంభం!” అన్నాడు. “అమ్మాయ్, ఇక మీదట ప్రతి బొమ్మకీ స్తంభం పెట్టు. దానికి వేరే రేటు. మొదటిది మాత్రం పెద్దాయనకి ఊరికే ఇచ్చేద్దాం.”

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం ఈ సెక్రటరీని చూసే నేర్చుకోవాలి.

అమ్మాయి పెట్టె మూత తీసింది. ఓ అగ్గిపుల్ల తల విరిచి, బూడిదరంగు పూసి, తూర్పు స్టాండు మధ్యలో నిలబెట్టింది. పోస్టుమాస్టరు ఒంటికన్నుతో చూసి పెదవి విరిచాడు.

“ఇంకా లావుండాలి తల్లీ. ఇటు మనిషి అటు మనిషికి వెంట్రుకంత కూడా కనపడకూడదు.”

అమ్మాయి ఇంకో పుల్ల అతికించింది.

“ఆఁ! అదీ స్తంభమంటే!” అని పెద్దాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

సెక్రటరీ తనే బయటికి పరుగెత్తి, బెంచీ మీదున్న ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. జేబులోంచి ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు.

“అమ్మా, మీ ప్రేమస్తంభం గురించి మన అభిమానులకి రెండు ముక్కలు చెప్పండి.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పెట్టె మీదికి వంగింది. చాలాసేపు చూసింది. వేలితో ఆ అగ్గిపుల్లల స్తంభాన్ని తాకింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోస్టుమాస్టరు ఛాతీ ఉబ్బిపోయింది.

“దీన్ని కూల్చేశారంటే పీడా పోయిందనుకున్నాను, మళ్ళీ నిలబెట్టారా నాయనా!” అందావిడ ఫోనులోకి చూస్తూ. “ఇదే గనక అడ్డం లేకపోతే, ఆ మొదటి గోలప్పుడే ఈయన మొహం చూసి సీటు మార్చుకునేదాన్ని కదా!”