ఎనిమిదో ఆకు

"అయ్యో, ఆ ఆకు ఎందుకు కుట్టేశావు నాయనా?"

దర్జీ తలెత్తలేదు. నాలుగింటికి సైన్యం జీపు వస్తుంది. రెండు వందల భుజం బ్యాడ్జీల్లో ఇంకా పదకొండు మిగిలాయి. పొద్దుటి నుంచి దారం తెగుతూనే ఉంది.

కోటుకు బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చిన ముసలాయన మిషను మీదికి వంగి చూస్తున్నాడు.

బ్యాడ్జీ సైనిక రవాణా దళానిది. రెండు రెక్కల మధ్య బండి చక్రం. వాళ్ళిచ్చిన పాత నమూనాలో చక్రానికి నడిమి నుంచి అంచుకు పోయే ఆకులు ఏడే ఉన్నాయి. ఎనిమిదోది ఉండాల్సిన చోటు ఖాళీ. దారం ఊడిపోయి ఉంటుందనుకుని దర్జీ దాన్ని పూడ్చేశాడు.

"ఆకు లేని చక్రం ఎక్కడైనా ఉంటుందా, పెద్దాయనా?"

"ఉంది నాయనా. అది విప్పెయ్యి. కావాలంటే నేనూ కూర్చుని విప్పుతాను."

"రెండు వందలా! మీకేం, ఎన్నైనా చెప్తారు. ఎందుకు విప్పాలో చెప్పండి ముందు."

ముసలాయన నోరు తెరిచాడు. అంతలో మళ్ళీ దారం తెగింది.

"చూశారా! మీరిలా నెత్తిమీద నిలబడితే నా పని సాగదు. బొత్తాం సంగతి రేపు చూద్దాం. వెళ్ళిరండి."

ముసలాయన కోటు మడిచి చంకన పెట్టుకుని కొట్టు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

దర్జీకి కుదురు లేదు. మిషను తొక్కాడు, ఆపాడు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. చివరికి నమూనా తీసి వెలుతురులో చూశాడు.

ఖాళీ చోట సూది దిగిన గుర్తు ఒక్కటీ లేదు.

జీపు అరగంట ముందే వచ్చింది.

అధికారి ఒక బ్యాడ్జీ అందుకుని చక్రం మీద వేలు పెట్టాడు. "ఇక్కడ ఆకు ఎవరు పెట్టమన్నారు?"

"ఊడిపోయిందనుకున్నానండి."

"ఊడలేదు. రెక్కలు వేగానికి, చక్రం ప్రయాణానికి. ఆ ఖాళీ ఒక మనిషికి. వరదలో మందులు తీసుకెళ్ళిన మా ఎనిమిది లారీల్లో ఒకటి తిరిగి రాలేదు."

దర్జీ నమూనా బల్ల మీద పెట్టాడు.

"ఇందాక ఒక పెద్దాయన విప్పెయ్యమన్నాడండి. నేనే కసిరి పంపేశాను. పొడుగ్గా, బక్కగా... ఎడమ చెవి కింద మచ్చ."

అధికారి ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. దర్జీ ఆయన్ని దాటుకుని వీధి చివరిదాకా పరుగెత్తాడు. అటూ ఇటూ చూశాడు. ఎక్కడా లేడు.

రొప్పుతూ తిరిగొచ్చాడు. "ఎవరండీ ఆయన?"

"మా పాత డ్రైవరు," అన్నాడు అధికారి మెల్లగా. "ఆ రోజు ఆ లారీ ఎక్కాల్సింది ఆయనే. జ్వరంతో లేవలేకపోతే, ఆయన బదులు సొంత తమ్ముడు ఎక్కాడు."