ఎనిమిది నెలల చేపలు

"ముట్టుకోండి మేడమ్! వాసన చూడండి! అలా దూరంగా నిలబడితే ఏం తెలుస్తుంది?"

పురుగుమందుల ఫ్యాక్టరీ గేటు దాటగానే ఆమె బకెట్‌ని అధికారిణి కాళ్ల దగ్గర దభీమని పెట్టింది. అందులో ఆ ఉదయం చెరువులో తేలిన చేపలున్నాయి. ఆమెది చేపలమ్ముకునే బతుకు. నోరు తెరిచిందంటే బజారు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వినపడుతుంది కాబట్టి అందరూ ఆమెను సైరన్ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లలో సగంమంది ఇవాళ తమ తరఫున కూడా అరిచి రమ్మని ఆమెనే పంపారు.

తనిఖీకి వచ్చిన మత్స్యశాఖ అధికారిణి వంగి ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సిన మొప్ప పాలిపోయి, జిగురు కట్టి, అంచుల్లో కుళ్లిపోయి ఉంది.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"ఏడాది నుంచీ! ముందు పిచ్చెక్కినట్టు గుండ్రంగా తిరుగుతాయి. తర్వాత పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలికోసం కొట్టుకుంటాయి. సాయంత్రానికి వెల్లకిలా తేలతాయి. గుడ్లు పెట్టినా పిల్లలవ్వడం లేదు. వీళ్ల తూముకి పైనున్న మడుగులో చేపలు గెంతుతున్నాయి మేడమ్, తూము దాటితే చస్తున్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి మీకు?"

మేనేజరు నవ్వాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బిళ్ల, ముఖాన అతికించుకున్న మర్యాద. "అమ్మా, చేపలు సవాలక్ష కారణాలకు చస్తాయి. ఎండలు ముదిరితే చస్తాయి, రోగమొస్తే చస్తాయి..."

"మీ అబద్ధాలకి కూడా చస్తాయి!"

"ఊరుకోవే, పెద్దవాళ్లతో ఏంటా మాటలు!" అన్నాడు ఆమె మొగుడు. వల విసరడం తప్ప నోరు విప్పడం చేతకాని మనిషి.

"నువ్వూరుకో! ముప్పై ఇళ్లు ఆ చెరువు మీద బతుకుతున్నాయి. ఇవాళ ఈవిడ నీళ్లు బాగున్నాయని రాసేసి వెళ్తే ఫైలు మూసేస్తారు. రేపట్నుంచి వల ఎక్కడేస్తావ్, గాల్లోనా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండు అర్జీలు ఇదివరకే బుట్టదాఖలయ్యాయి. ఇది మూడోది, ఆఖరుది. ఈసారి కూడా తేలకపోతే మళ్లీ తనిఖీ ఉండదని ఆఫీసులో ముందే చెప్పేశారు.

మేనేజరు అందర్నీ ఆఫీసు మెట్ల పక్కనున్న అద్దాల తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. అరచేయంత చేపలు పాతిక దాకా అందులో తళతళలాడుతూ ఈదుతున్నాయి. 'మేము వదిలే నీరు, ఈ చేపలకు ఇల్లు' అని పైన బోర్డు. ఎవడు రాశాడో గానీ వాడి సిగ్గులేనితనానికి దండం పెట్టాలి. పక్కనే చిన్న వల పట్టుకుని, చేపల్ని చూసుకునే పనివాడు నిలబడి ఉన్నాడు.

"చూడండి మేడమ్. ఆ పైపు నేరుగా తూములోంచే వస్తోంది. ఇవే నీళ్లు చెరువుకీ పోతాయి. ఈ చేపలు ఎనిమిది నెలలుగా ఇందులోనే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి చావలేదు. కావాలంటే ఇతన్నడగండి."

"అవునండి," అన్నాడు పనివాడు నేలచూపులు చూస్తూ.

అందర్నీ దులిపేస్తున్న సైరన్ అతన్ని మాత్రం ఒక్క మాట అనలేదు.

అధికారిణి పెన్ను తీసింది. "మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా. కానీ ఇవే నీళ్లలో ఇవి ఇన్నాళ్లు బతికితే, తప్పు ఫ్యాక్టరీదని నేనెలా రాయను?"

"రాయండి! ఆయన చెప్పినట్టే రాయండి! ఎనిమిది నెలలు, ఇవే చేపలు, ఇవే నీళ్లు! రేపు మాట మార్చకుండా సంతకం కూడా పెట్టించండి. మా నోట్లో మట్టికొట్టిన కాగితం ఎలా ఉంటుందో మా పిల్లలకి చూపించుకోవాలి!"

మేనేజరుకి అంతకన్నా కావలసిందేముంది? తనే పక్కన నిలబడి ఒక్కో మాటా చెప్పి రాయించాడు. 'ఇంతవరకు ఒక్క చేపను కూడా మార్చలేదు' అన్న ముక్క సొంతంగా కలిపాడు. సంతకం బరబరా గీకి, లోపల్నుంచి ముద్ర తెప్పించి కొట్టాడు.

ఆమె మొగుడు మెట్ల మీద కూలబడ్డాడు. "అయిపోయిందే. అంతా అయిపోయింది," అంటూ కండువాలో ముఖం దాచుకున్నాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో అతను ఏడవడం ఆమె చూడలేదు. ఆమె మేనేజరు వైపు తిరిగింది.

"ముద్ర పడిందా?" అంది.

"పడింది తల్లీ. ఇక తృప్తేనా?" అన్నాడు మేనేజరు.

"ఒక్క చేపని పట్టుకుని చూస్తా."

"చూడటమేం ఖర్మ, కూరకి పట్టుకెళ్లు!"

ఆమె పనివాడి చేతిలోంచి వల లాక్కుంది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక చేపను పట్టి, తడి అరచేతిలో పరిచి, అధికారిణి కళ్లజోడు ముందు పెట్టింది. తోక కింది కొస తిన్నగా తెగి ఉంది. తెగినచోట ఇంకా ఎర్రగా, పచ్చిగా ఉంది. అధికారిణి వల అందుకుని తనే మరోదాన్ని తీసింది. తర్వాత ఇంకోదాన్ని. అన్నిటికీ అదే చోట, అదే కోత.

"ఏంటమ్మా ఇది?"

సైరన్ పనివాడి వైపు చూపించి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇవాళ పొద్దున ఇతనికి అమ్ముతూ నేనే కత్తిరించాను మేడమ్."