రోల్ నంబర్ పదిహేడు

ఉమామహేశ్వరి మేడమ్ మీద ఆదిబాబుకి ఉన్న కోపం మార్కుల గురించి కాదు. హాజరు తీసుకునేటప్పుడు ఆవిడ అందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. భీమారావు గారూ అంటుంది, రోహిణీ అంటుంది. అతని దగ్గరకొచ్చేసరికి మాత్రం “రోల్ నంబర్ పదిహేడు” అంటుంది, జైల్లో ఖైదీని పిలిచినట్టు.

జంషెడ్‌పూర్ టెల్కో కాలనీ బజార్లో స్కూటర్లు బాగుచేసే మనిషి ఆదిబాబు. ఏడో తరగతిలో బడి మానేశాడు. యాభై దగ్గర పడ్డాక ఓపెన్ స్కూల్లో పదీ ఇంటరూ గట్టెక్కి, దూరవిద్యలో బి.ఏ. చరిత్రకి కట్టాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్లో క్లాసు. షట్టరు సగం దించి, ఎవరిదో బండి సీటు మీద ఫోను నిలబెట్టి కూర్చుంటాడు.

ఈ వయసులో రాజుల సంగతి నీకెందుకని పక్క కొట్టువాడు అడిగాడు.

“రాజులతో నాకేటి పని? మేడమ్‌తోటే పని,” అన్నాడు ఆదిబాబు.

క్లాసంతా హిందీలోనే. తెలుగువాళ్ళు ఉన్నది కొద్దిమందే కాబట్టి, వాళ్ళు తడబడితే మేడమ్ తెలుగులో చెప్పమంటుంది. కిందటి వారం ఆవిడ, రాసిందొక్కటే చరిత్ర కాదు, పెద్దల నోటిమాట కూడా సాక్ష్యమే అని చెప్పింది. ఆదిబాబు ఆ ముక్క మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఈ వారం ఎవరింటి చరిత్ర వాళ్ళు చెప్పాలి. రైల్వేలో పనిచేసే భీమారావు, వాళ్ళ తాత రైల్లో నిద్రపోయి దిగాల్సిన చోట దిగలేక టాటానగర్లో దిగాడనీ, అందుకే తామంతా ఇక్కడివాళ్ళమయ్యామనీ చెప్పాడు. అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది.

“రోల్ నంబర్ పదిహేడు.” ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆదిబాబుకి కావలసింది ఒక్కటే. అమ్మ మాట చెల్లుతుందని మేడమ్ నోటితో, ఇంతమంది ముందు అనిపించాలి. గొంతు సవరించుకుని తెలుగందుకున్నాడు.

“ఆదిత్యపూర్లో మాయమ్మ జోగమ్మ జాగా కొన్నాది. అది పెద్దోడిదేనని సచ్చీవరకూ సెప్పింది. మా సెల్లి లాగీసుకుంది. మాయమ్మ మాట సాక్ష్యమా కాదా, మేడమ్?”

మేడమ్ మంచినీళ్ళు తాగింది. ఇది సిలబస్‌లో లేదంది. పోయినవారం మీరే చెప్పారు కదా అన్నాడతను.

భీమారావు మైకు తెరిచాడు. “న్యాయమైన మాటే మేడమ్. ఆ సెల్లిని కూడా క్లాసుకి పిలిసీరాదేటి? రెండు పక్కలా ఇనీవోళ్ళం.”

రోహిణి ఇదంతా మిగతావాళ్ళకి హిందీలో చెప్పింది. తెర నిండా చప్పట్ల బొమ్మలు లేచాయి.

“ఏ కాగితమూ లేని చోటే నోటిమాట సాక్ష్యం,” అంది మేడమ్, పుస్తకంలో ఉన్నట్టే. “ఇక్కడ రిజిస్ట్రీ కాగితం ఉంది. అది ఉండగా మాట నిలవదు.”

ఆదిబాబు తాపీగా చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

“కాయితముందని నానన్లేదే, మేడమ్.”

ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసి ఊరుకుంది. తెర మీద గళ్ళన్నీ మేడమ్ గడినే చూస్తున్నాయి.

“తెలీనట్టు అడుగుతావేటన్నయ్యా,” అంది మేడమ్, “కాయితం నా పేరునే ఉంది, ఆ నాలుగున్నర సెంట్లూ నాయే.”