పిచ్చుకకి పందెం

“పంజరం ఖాళీగా ఉందేమండీ? నా కెనరీ ఏది?”

ఉర్సులా అడిగితే జాస్పర్ థార్న్ తల కూడా తిప్పలేదు. బల్లమీద, గాలి పంపు పక్కన, పసుపుపచ్చని పిట్ట కాళ్లు పైకెత్తి పడి ఉంది.

“గాజుబుడ్డిలో పెట్టి గాలి లాగేశాను. నోరు తెరిచి తెరిచి పోయింది,” అన్నాడు హుషారుగా.

“అది నా చేతిలో గింజలు తినేది.”

“పిట్టే కదా! సంతలో బుట్టలకొద్దీ అమ్ముతారు. కాసేపట్లో పండితుల సంఘం వాళ్లొస్తారు. వాళ్ల ముందు ఈ బుట్టలో పిచ్చుక కూడా ఇలాగే చచ్చిందా, నేనూ సంఘంలో ఒకణ్ణి! ఏడుపు ఆపి తోలుకి కొవ్వు రాయి. వెంట్రుకంత సందున్నా గాలి దూరుతుంది, జాగ్రత్త.”

గాలి పంపు వచ్చాక లండన్‌లో పెద్దమనుషుల ఇళ్లల్లో పిట్టలకి భరోసా లేకుండా పోయింది. బుడ్డి అంచు కింద వేసే తోలుకి కొవ్వు పట్టించడం ఎప్పుడూ ఉర్సులా పనే. ఆయనకి చేతికి జిడ్డు అంటితే గిట్టదు.

ఆమె చచ్చిన పిట్టని గుండెకి హత్తుకుంది. కొవ్వు గిన్నె అందుకుంది.

“పిచ్చుక బతికితే నాకిచ్చేస్తారా?”

“బతికితే నా విగ్గు కూడా ఇస్తా, గూడు కట్టుకోమను!”

పండితులు వచ్చారు. జాస్పర్ పంపు తిప్పాడు. బుడ్డిలో పిచ్చుక రెక్కలు దులుపుకుంది. ఇంకా తిప్పాడు. చెమటలు కారి విగ్గు పక్కకి జారింది. పిచ్చుక కిచకిచమంది.

“థార్న్, పిట్టకంటే ముందు మీరే పోయేట్టున్నారు!” అన్నాడు సంఘం పెద్ద సర్ గైల్స్. గదంతా గొల్లున నవ్వింది. “గాలి లేకుండా బతికే పిచ్చుక మాకొద్దు గానీ, ప్యారిస్ వాళ్లకి పంపండి. మీరూ వెంట వెళ్లండి!”

అందరూ టోపీలు పెట్టుకుని వెళ్లిపోయారు. ఇక ఆ సంఘం గడప తొక్కే యోగం ఆయనకి లేదు.

“ఆ గ్యాడ్ గాడు పనికిమాలిన పంపు చేసి అంటగట్టాడు! వాడి అంతు చూస్తా!”

పళ్లు నూరుతూ జాస్పర్ బుడ్డి లేపి, మొదటిసారి జిడ్డు లెక్కచేయకుండా తోలు పెరికాడు.

“ఏమండీ, పిచ్చుక ఎదురుచూస్తోంది. విగ్గు పంపండి!” పక్కగదిలోంచి ఉర్సులా కేకేసింది.

తోలు మీది కొవ్వులో, అంచుకి అడ్డంగా, ఒక పసుపుపచ్చని ఈక అతుక్కుని ఉంది.